తొక్కేది మీరు, పైసలు నావా?



స్పెయిన్ ఉత్తరాన అస్తూరియాస్ అనే ప్రాంతంలో ఆంగ్లిరు అని ఒక కొండదారి ఉంది. పన్నెండున్నర కిలోమీటర్ల ఎక్కుడు. కొన్నిచోట్ల వాలు 23 శాతం దాటుతుంది. అంటే వంద మీటర్లు ముందుకు పోయేసరికి ఇరవైమూడు మీటర్లు పైకి లేచి ఉండాలి. ఆ దేశపు పెద్ద సైకిల్ పందెం వుయెల్టాలో ఈ దారిని 1999లో మొదటిసారి చేర్చారు. పందెంలో తొక్కేవాళ్లకు అది ఉద్యోగం, జీతం వస్తుంది. కానీ అలాంటి కొండల మీద సెలవు పెట్టుకుని, సొంత ఖర్చుతో, నాలుగైదు రోజులపాటు సైకిల్ తొక్కే మామూలు మనుషులు కూడా ఉంటారు. బడి పంతుళ్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు. బయలుదేరే ముందు చుట్టాలకూ ఆఫీసువాళ్లకూ చెప్పుకుంటారు: ఫలానా కొండ ఎక్కబోతున్నాను, ఫలానా ఆసుపత్రికి మీకు తోచింది ఇవ్వండి అని.

అలాంటి ఒక యాత్రకు చందా అడుగుతూ, ఈ పద్ధతి గురించి హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో, గల్లాపెట్టె ముందు కూర్చుని వివరించాను. సేఠ్ ఓపికగా విన్నాడు. చాయ్ కూడా తెప్పించాడు. అంతా అయ్యాక అడిగాడు: "సార్, తొక్కేది మీరు. గుండె గట్టిపడేది మీకు. కొండలు, మంచు చూసొచ్చేది మీరు. పైసలు మాత్రం నావా?"

న్యాయమైన ప్రశ్న. చందా ఇవ్వను అనడానికి వేసిన ప్రశ్న కాదది. లెక్క తెలిసిన మనిషి లెక్క అడిగాడు. ఈ కాసేపూ దానికి జవాబు వెతుకుదాం.

నిజానికి ఆబిడ్స్ పక్కన నాంపల్లివాళ్లకు ఇలాంటి లెక్క పాతదే. ఏటా జనవరి మొదటి తారీకున నుమాయిష్ ప్రదర్శన గేట్లు తెరుస్తారు. పిల్లలతో జెయింట్ వీల్ ఎక్కుతాం, కశ్మీరీ శాలువకు సగం ధర దగ్గర బేరం మొదలుపెడతాం, కాళ్లు పీకేదాకా తిరిగి ఇంటికొస్తాం. దీని మొదలు చూడండి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు, హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయడానికి డబ్బు కావాలని, పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజుల ప్రదర్శన పెట్టారు. చేతిలో ఉన్న మూలధనం రెండున్నర రూపాయలని చెబుతారు. 1946లో అది ఇప్పటి మైదానానికి మారింది. ఆ ప్రదర్శన మీద వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ ఎన్నో విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ మైదానం దగ్గరే ఉన్నాయి. మనం టికెట్టు కొని సరదాగా తిరిగితే ఎక్కడో ఒక అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతుంది. దీన్ని మనం దానం అనుకోం కూడా.

అయితే నుమాయిష్‌లో డబ్బిచ్చినవాడికి సరదా దక్కుతుంది. సైకిల్ యాత్రలో ఇచ్చినవాడికి ఏమీ రాదు. పైగా ఇంకొకడెవడో చెమటలు కక్కుతాడు. ఒకరి చెమటకు మరొకరు ఎందుకు డబ్బు కడతారు?

1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే యువకుడు దీనికి ఒక రకంగా జవాబు చెప్పాడు. పద్దెనిమిదేళ్లకు ఎముక క్యాన్సర్ వచ్చి, 1977లో అతని కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రిలో తనతోపాటు ఉన్న పిల్లలను చూశాడు. క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కావాలని, ఏప్రిల్ 12న దేశం తూర్పు కొస నుంచి కృత్రిమ కాలుతో పరుగు మొదలుపెట్టాడు. రోజుకు సుమారు ఒక మారథాన్ దూరం. కెనడాలో తలకు ఒక డాలర్ ఇవ్వండి అన్నాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి పాకి, సెప్టెంబర్ 1న ఆగిపోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో చనిపోయాడు. అప్పటికే రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటాయి. ఆనాటి కెనడా జనాభాకు సరిగ్గా తలకొక డాలర్ లెక్క.

అదే 1980లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో బిల్లీ స్టార్ అనే ఆయన, తల్లి క్యాన్సర్‌తో పోయాక, ముప్పయ్యారు మందిని పోగుచేసి సైకిల్ యాత్ర చేశాడు. మొదటి ఏడు వచ్చింది పదివేల రెండొందల డాలర్లు. పాన్ మాస్ ఛాలెంజ్ అనే ఆ యాత్ర ఇప్పటికీ నడుస్తోంది. నలభై నాలుగైదేళ్లలో బోస్టన్‌లోని ఒక క్యాన్సర్ సంస్థకు వంద కోట్ల డాలర్ల మేర చేర్చింది. తొక్కేవాళ్లు తెచ్చిన చందా మొత్తం ఆసుపత్రికి పోతుంది, నిర్వహణ ఖర్చు వేరే దాతలు భరిస్తారు. అందరూ ఇలా చేయలేదు. 1990లలో అమెరికాలో ఎయిడ్స్ బాధితుల కోసం పెద్ద పెద్ద సైకిల్ యాత్రలు నడిపిన ఒక కంపెనీ మీద, ఖర్చులకే ఎక్కువ పోతోందన్న విమర్శ వచ్చింది. 2002లో అది మూతపడింది. మా సేఠ్ అడిగిన ప్రశ్నే అక్కడివాళ్లూ అడిగారన్నమాట.

నాకు అర్థమైనంతలో, ఇక్కడ కష్టం అమ్ముకునే సరుకు కాదు. అది పూచీకత్తు. ఆబిడ్స్ భాషలో చెప్పాలంటే జామీను. ఒక మనిషి వచ్చి మాటలతో డబ్బడిగితే మనం అనుమానిస్తాం. ఆ పని కోసం ముందు తన ఒంటిని తాకట్టు పెట్టినవాడిని కొంచెం నమ్ముతాం. కొండ ఎంత నిటారుగా ఉంటే జామీను అంత గట్టిది.

మరి మన దగ్గర అంత జామీను ఇచ్చే కొండ ఏది? మన ఊరు సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల ఎత్తున ఉన్నా, ఎత్తుపల్లాలే గానీ నిజమైన ఎక్కుడు లేదు. నాంపల్లిలో ఉండేవాళ్లకు దొరికేది బిర్లా మందిరం గుట్ట. ఎత్తు 280 అడుగులని చెబుతారు. పొద్దున్నే, గుడి మెట్ల దగ్గర పూలమ్మేవాళ్లు బుట్టలు దించుకునే వేళకు, ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి దిగుతూ ఉండటమే సాధన. కింద కాపలా కాసేవాళ్లు మొదట్లో ఏదో మొక్కు అనుకుంటారు. తర్వాత పిచ్చి అనుకుంటారు. ఆ తర్వాత పట్టించుకోరు. సెలవురోజుల్లో వికారాబాద్ అనంతగిరి ఉంది. ఇంకా ఓపికుంటే, రెండొందల కిలోమీటర్లు దాటిన శ్రీశైలం దారి ఉంది. మన్ననూరు చెక్‌పోస్టు తర్వాత నల్లమల మొదలవుతుంది. ఘాట్‌లో కృష్ణ దాకా దిగి అవతల మళ్లీ ఎక్కేటప్పటికి, మ్యాపులో చదునుగా కనబడిన దారి నిజంగా ఎలాంటిదో కాళ్లకు తెలుస్తుంది. దక్షిణాదిలో ఇంకా ముందుకు పోతే నీలగిరి. అక్కడ 2008 నుంచి ఏటా రోజుల తరబడి సాగే సైకిల్ యాత్ర ఒకటి నడుస్తోంది. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్హట్టి ఘాట్‌లో ముప్పయ్యారు మెలికలు. అక్కడ సైకిల్ దిగి నడవని వాడిని మావాళ్లు అన్నా అని పిలుస్తారు, వయసుతో పనిలేదు.

వీటన్నిటికీ పైన హిమాలయం. రోహ్‌తాంగ్ మీదుగా మనాలి నుంచి లేహ్‌కు నాలుగొందల డెబ్బై కిలోమీటర్ల పైమాట. మనాలి రెండువేల మీటర్ల ఎత్తున ఉంటే రోహ్‌తాంగ్ కనుమ 3,978. అంటే ఆ మొదటి కనుమే బిర్లా మందిరం గుట్టను ఇరవై మూడుసార్లు ఆపకుండా ఎక్కినట్టు. తర్వాత బారాలాచా 4,800 దాటుతుంది, లాచులుంగ్ 5,000 దాటుతుంది, తంగ్‌లంగ్ 5,300 దాటుతుంది. స్పెయిన్‌లో సియెర్రా నెవాడా కొండల్లో వెలెటా శిఖరం దాకా వేసిన రోడ్డు ఐరోపాలోకెల్లా ఎత్తైన తారురోడ్డు. అది 3,300 మీటర్ల పైచిలుకు. మన లేహ్‌లో బజారుకెళ్లి కూరగాయలు కొనుక్కునే అవ్వ అంతకంటే ఎత్తున నిలబడి ఉంటుంది. లేహ్ నుంచి మళ్లీ నలభై కిలోమీటర్లు పైకి పోతే ఖార్దుంగ్ లా. అక్కడి బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని రాసి ఉండేది, ఫొటోలు దిగని వాహనదారుడు లేడు. కొత్త కొలతల్లో అది 5,359 మీటర్లే అని తేలింది. రెండొందల పైచిలుకు మీటర్లు తగ్గినందుకు ఎక్కేవాడి ఊపిరితిత్తులకు ఒరిగేదేమీ లేదు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానికి సుమారు సగం.

ఎక్కుడులో శరీరం ఏం చేస్తుందో చిన్న లెక్క చెబుతాను. డెబ్బై కిలోల మనిషి, పది కిలోల సైకిల్, ఎనిమిది శాతం వాలు. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో, అంటే నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో, ఎక్కాలంటే సుమారు 150 వాట్లు కావాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్లు రెండు నిరంతరం తిప్పినంత పని. ఒక గంట అయితే చాలామంది చేస్తారు. నాలుగైదు గంటలు చేసి, రాత్రి గుడారంలో పడుకుని, పొద్దున లేచి మళ్లీ చేయడం వేరు. చాలామందికి మూడోరోజు గడ్డురోజు. సీటు తగిలేచోట చర్మం రేగుతుంది, ఆకలి చచ్చిపోతుంది, మాట కరుకవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఆకలి వేసేదాకా ఆగకుండా గంటగంటకూ ఏదో ఒకటి నోట్లో వేసుకుంటారు. రాత్రి ఎంత అలసినా తొక్కే నిక్కరు ఉతికి ఆరేసుకుంటారు. మూడువేల మీటర్లు దాటాక, ముందురోజు పడుకున్న ఎత్తుకంటే మూడొందల నుంచి ఐదొందల మీటర్లకు మించి పైన పడుకోకూడదంటారు డాక్టర్లు. తొందరపడిన కుర్రాళ్లను దించి తీసుకురావాల్సి వస్తుంది.

ఇవన్నీ కాకముందు సైకిల్ రైలెక్కాలి. మన నాంపల్లి స్టేషన్ నుంచే ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ బయలుదేరుతుంది. పెడళ్లు ఊడదీసి, హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టి, గేర్ల దగ్గర అట్టముక్కలు పెట్టి, పైన గోనెగుడ్డ చుట్టి, సూదితో కుట్టి, మార్కర్‌తో పేరు, చేరాల్సిన స్టేషన్ రాయాలి. స్టేషన్‌లో పార్సెళ్లు కుట్టేవాళ్లకు మోటార్ సైకిళ్లు అలవాటు. ఇంత సన్నటి టైర్ల సైకిల్ చూస్తే ఇది ఎంత అని అడుగుతారు. నిజం చెప్పాలంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ ధరకు వాళ్లు కుట్టి పంపే మోటార్ సైకిల్ వచ్చేస్తుంది. ఒకప్పుడు ఇదే పేటలో సైకిల్ ట్యాక్సీ దుకాణాల్లో గంటకింత అని కిరాయికి సైకిల్ ఇచ్చేవాళ్లు. ఇప్పటికీ ఆబిడ్స్‌లో సైకిల్ మీద కనబడేది చాయ్ ఫ్లాస్కులు కట్టుకున్నవాళ్లు, పేపర్లు వేసేవాళ్లు, రాత్రి కాపలా డ్యూటీ దిగిపోయేవాళ్లు. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన ఇరవైమూడు కిలోమీటర్ల ట్రాక్ వేశారు, పైన సౌర ఫలకాల నీడతో సహా. బాగుంది. చాయ్ సైకిల్ అతనికి మాత్రం జీపీవో చౌరస్తాలో బస్సుకూ ఆటోకూ మధ్య జానెడు జాగా కూడా లేదు.

ఇంతవరకు చెప్పింది రెండు కాళ్లున్నవాళ్ల సంగతి. ఇక హైదరాబాద్ నుంచి బయలుదేరిన అసలు కథకు వస్తాను.

ఆదిత్య మెహతా హైదరాబాద్‌లో వ్యాపారం చేసుకునే యువకుడు. రోడ్డు ప్రమాదంలో ఒక కాలు మోకాలి పైదాకా పోయింది. కోలుకున్నాక సైకిల్ పట్టాడు. 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు తెచ్చాడు. అదే ఏడు లండన్ నుంచి పారిస్‌కు సైకిల్ మీద వెళ్లాడు. తర్వాత కశ్మీరు నుంచి కన్యాకుమారికి, మనాలి నుంచి ఖార్దుంగ్ లాకు. తన పేరుతోనే ఒక ఫౌండేషన్ పెట్టి, అవయవాలు పోగొట్టుకున్నవాళ్లకు సైకిళ్లు, కృత్రిమ అవయవాలు, శిక్షణ సమకూర్చడం మొదలుపెట్టాడు. దానికి కావలసిన డబ్బు కోసం నడిపే యాత్రకు ఇన్ఫినిటీ రైడ్ అని పేరు.

ఒక్క కాలితో తొక్కడం అంటే ఏమిటో రెండు కాళ్లవాళ్లం సరిగా ఊహించలేం. రెండు కాళ్లతో తొక్కేటప్పుడు ఒక కాలు కిందికి నొక్కుతుంటే ఆ బలమే రెండో కాలిని పైకి తెస్తుంది. ఒక్క కాలే ఉంటే, నొక్కిన కాలే మళ్లీ పెడల్‌ను పైకి లాక్కురావాలి. అందుకే బూటు అడుగున క్లీట్ బిగించి పెడల్‌కు తగిలిస్తారు. చదునులో చక్రం ఊపు సాయపడుతుంది. ఎక్కుడులో, వేగం పడిపోయిన చోట, ప్రతి చుట్టులోనూ పెడల్ పైకి వచ్చే సగంసేపు సైకిల్ ఆగిపోవాలని చూస్తుంది. ఆ ఆగడాన్ని ప్రతి చుట్టుకూ జయించాలి. నిమిషానికి అరవై చుట్లు. కృత్రిమ కాలు పెట్టుకుని తొక్కేవాళ్లకు ఇంకో బాధ. తొడ మిగిలిన భాగం సాకెట్‌లో చెమటకు జారుతుంది, రాపిడికి పుండు పడుతుంది, ఆ పుండు మానేదాకా నడక కూడా బంద్. కొందరు కృత్రిమ కాలు తీసేసి, మిగిలిన తొడను చిన్న ఆసరా మీద ఆనించి తొక్కుతారు. ఆగాలంటే క్లీట్ విడిపించుకుని ఉన్న ఒక్క కాలూ నేల మీద పెట్టాలి. సైకిల్ రెండోవైపు వాలిందా, పడటమే. ఆ లెక్కన ఖార్దుంగ్ లా కంటే సిగ్నల్ సిగ్నల్‌కూ ఆగే ఆబిడ్స్ రోడ్డే వాళ్లకు ప్రమాదం.

పారా సైక్లింగ్‌లో ఇవన్నీ చూసే తరగతులు చేశారు. మామూలు సైకిల్ తొక్కగలిగేవాళ్లకు సీ1 నుంచి సీ5 దాకా, అంకె తగ్గేకొద్దీ లోపం తీవ్రత ఎక్కువ. కాళ్లు పనిచేయనివాళ్లు చేతులతో తిప్పే సైకిల్, తూకం నిలవనివాళ్లు మూడు చక్రాల సైకిల్ నడుపుతారు. చూపు లేనివాళ్లు ఇద్దరు కూర్చునే సైకిల్ వెనకసీటులో తొక్కుతారు, ముందు కూర్చున్నవారు చూపుతో నడుపుతారు.

2020లో, కరోనా ఇంకా ఊపిరి తీసుకోనివ్వని రోజుల్లో, సరిహద్దు భద్రతా దళంతో కలిసి ఈ ఫౌండేషన్ కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా యాత్ర పెట్టింది. ముప్పై మంది పారా సైక్లిస్టులు. విధి నిర్వహణలో గాయపడిన జవాన్లకు కూడా ఈ ఫౌండేషన్‌లో శిక్షణ ఇస్తారు. నవంబర్ 19న ఉత్తరాన మొదలై, డిసెంబర్ 31న కన్యాకుమారి చేరారు. మూడువేల ఎనిమిదొందల కిలోమీటర్ల పైచిలుకు. వాళ్లలో తాన్యా డాగా అని మధ్యప్రదేశ్ అమ్మాయి ఉంది. 2018లో ప్రమాదంలో కాలు పోయింది. యాత్ర మధ్యలో తండ్రి చనిపోయారని కబురొచ్చింది. ఇంటికి వెళ్లింది, కార్యక్రమాలు అయ్యాక తిరిగి వచ్చి యాత్రలో కలిసింది, కన్యాకుమారి దాకా తొక్కింది. దీన్ని ధైర్యమని పత్రికలు రాశాయి. నాకైతే ఆమె తిరిగి రావడంలో ధైర్యం కంటే ముందు, చేతిలో ఉన్న పని మధ్యలో వదలని మామూలు ఇంటి పెంపకం కనిపించింది. ఎవరి మాట వాళ్లది.

మిగతా దేశాల సైకిల్ యాత్రలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. స్పెయిన్ కొండల మీదో మసాచుసెట్స్‌లోనో తొక్కేవాడు సాధారణంగా ఆరోగ్యవంతుడు. ఎవరి కోసం తొక్కుతున్నాడో వాళ్లు ఆసుపత్రి మంచం మీద ఉంటారు. ఇద్దరి మధ్య చాలాసార్లు ఒక రసీదు తప్ప పరిచయం ఉండదు. ఇన్ఫినిటీ రైడ్‌లో తొక్కేవాడూ, అవసరం ఉన్నవాడూ ఒక్కరే. జామీను ఇచ్చేది, అప్పు అడిగేది ఒకే మనిషి.

ఇది నాంపల్లిలో ఉండేవాళ్లకు ప్రత్యేకంగా తగలాలి. స్టేషన్ బయట, దర్గా సందులో, ఒక కాలు లేని మనిషి మనకు రోజూ ఎదురవుతాడు. చేయి చాపుతాడు. మనం బిళ్ల వేస్తాం, ముఖం చూడం. అదే శరీరం హెల్మెట్ పెట్టుకుని సైకిల్ మీద వస్తే, ఆగి, పేరు అడుగుతాం. ఎక్కడిదాకా అంటాం. మారింది ఆ మనిషి కాదు, మన చూపు. ఆ చూపు మారడానికి సైకిల్ కావాల్సి వచ్చింది.

ఇక్కడే నాకొక మింగుడుపడని విషయం ఉంది. కొండ ఎక్కినవాళ్లను చూసి మనం చప్పట్లు కొడతాం, పోస్టర్లు వేస్తాం, పిల్లలకు చూపించి చూడరా అంటాం. మరి కొండ ఎక్కలేనివాడి మాటేమిటి? కాలు పోయిన ఆటో డ్రైవర్‌కు సైకిల్ మీద ఆసక్తి లేదనుకోండి. యాభై దాటిన బీడీ కార్మికురాలికి చక్కెర వ్యాధితో పాదం తీసేశారనుకోండి. వాళ్లకు కృత్రిమ కాలు రావాలంటే ఎవరినైనా అబ్బురపరచి చూపించాలా? 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రబ్బరుతో తక్కువ ఖర్చులో పాదం తయారుచేశారు. దాంతో పొలంలో దిగవచ్చు, బాసింపట్టు వేసి కూర్చోవచ్చు. 1975లో మొదలైన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి దాన్ని ఉచితంగా వేస్తోంది. వచ్చినవాడిని నువ్వేం సాధించావని అడగదు. ఇన్ఫినిటీ రైడ్‌ను నేను మెచ్చుకుంటూనే, ఈ రెండో పద్ధతిని ఒక మెట్టు పైన పెడతాను. పందెపు సైకిల్, దానికి తగ్గ కృత్రిమ కాలు లక్షల్లో ఖర్చు, వాటికి దాతలు కావాలి, నిజమే. కానీ నడవడానికి కావలసిన కాలు మాత్రం చప్పట్ల మీద ఆధారపడకూడదు.

ఆదిత్య మెహతా లాంటివాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలిసే ఉంటుంది. ముందు దారి కనబడాలి, కనబడాలంటే ఎవరో ఒకరు ఎత్తైన చోట నిలబడాలి. 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సైకిల్ పందేలకు వెలోడ్రోమ్ కట్టారు. ఈ నగరంలో సైకిల్ క్రీడ అంటే జనానికి అంతవరకే తెలుసు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లు అందులోకి వస్తారని ఎవరూ అనుకోలేదు.

ఇక చందా అడిగే పని. కొండ ఎక్కడానికి గేర్లున్నాయి. ముందు పళ్లచక్రానికి ముప్పైనాలుగు పళ్లు, వెనక ముప్పైనాలుగు పళ్లు పెట్టుకుంటే నిమిషానికి డెబ్బై చుట్లతో గంటకు తొమ్మిది కిలోమీటర్లకు దగ్గరగా పోవచ్చు. దుకాణం మెట్లెక్కడానికి అలాంటి గేరు లేదు. ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ, మొజంజాహీ మార్కెట్ చుట్టూ తిరిగితే రకరకాల జవాబులు దొరుకుతాయి. కొందరు అడిగేలోపే గల్లాలోంచి నోటు తీసి, కాగితం వద్దు, పేరు వద్దు, పొమ్మంటారు. అది పుణ్యం కోసం ఇచ్చినది, లెక్క అక్కర్లేదు. కొందరు, పండక్కి రండి అంటారు. కొందరు ముందు ఎవరెవరు ఎంత ఇచ్చారో పుస్తకం చూపించమంటారు, పక్క దుకాణం వాడికంటే ఒక్క నూరు ఎక్కువ రాస్తారు. ఈ పుస్తకం మర్మం తెలిసినవాళ్లు మొదటి పేజీ ఎవరితో రాయించాలో ముందే ఆలోచించుకుంటారు.

మా సేఠ్‌కు నేను చెప్పిన జవాబు ఇది. మీరు నాకిస్తున్నట్టు అనుకోవద్దు. నేను తొక్కడం నా ఖర్చు, నా సరదా, దానికి మీ పైసా వద్దు. సైకిల్‌కు, రైలుకు, తిండికి నాదే జేబు. మీరిచ్చేది నేరుగా సంస్థ ఖాతాలోకి పోవాలి, నా చేతిలోకి రాకూడదు. నేను కొండ ఎక్కకుండా మధ్యలో తిరిగొచ్చినా మీ డబ్బు చేరాల్సినచోటికి చేరుతుంది. ఆయన కాసేపు చూసి, "అట్లయితే మీరు ఎక్కకపోయినా ఇయ్యొచ్చు కదా?" అన్నాడు. ఇయ్యొచ్చు. ఇస్తే ఇంకా మంచిది. ఇచ్చాడు కూడా.

కాబట్టి సైకిల్ బట్టలు తొడుక్కున్న ఎవరైనా మీ గుమ్మం ముందుకు వస్తే మొహమాటపడకుండా అడగండి. యాత్ర ఖర్చు ఎవరిది? చందాలోంచి తీస్తారా, వేరుగా పెట్టుకుంటారా? డబ్బు ఏ సంస్థ పేరున, ఏ ఖాతాలోకి? ఆ సంస్థకు ఆదాయపు పన్ను శాఖలో, 80జి అని పేరుబడ్డ, చందాల మీద మినహాయింపు ఇచ్చే గుర్తింపు ఉందా? ఉంటే పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు సాధారణంగా ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు వస్తుంది. కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు రాదు. నగదుగా ఇచ్చింది 2,000 రూపాయలు దాటితే ఆ మొత్తానికీ మినహాయింపు లేదు, అందుకని చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ మేలు. రసీదు మీద సంస్థ పాన్ నంబరు, గుర్తింపు నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. ఏడాది చివర దాతకు సంస్థ ఇవ్వాల్సిన సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. వాటికి తడుముకోకుండా జవాబు చెప్పేవాడైతే, ఏ కొండ, ఎన్ని మెలికలు, దారిలో ఏం తింటావు అని అప్పుడు అడగండి. చాయ్ చల్లారేదాకా చెబుతాడు.